మొద్దువారుచున్న మందులు – మన కర్తవ్యము

రక్తము తరువాత మన భాషలలో ఎక్కువ పేరు పొందిన శరీరరసము పైత్యమే. తల తిరిగినను పైత్యమే, నోరు చేదైనను పైత్యమే, పొంతన లేని మాట లాడువానిది కూడ పైత్యమే. ఉర్దూలో కోపము నణచుకొని ఓర్పు వహించుటను 'పిత్తా మార్‌నా' అందురు. యూనానీ వైద్యులు దేహమును నడుపు నాలుగు రసములలో 'సఫ్రా' యను పేర దీనికి స్థానమిచ్చిరి. ఆయుర్వేదము వాత పిత్త కఫములలో నడిమి పీట వేసినది. ఇన్ని మాటలున్నను, ఆ రసమును దాచియుంచు చిన్న తిత్తిని గూర్చి మనలో చదువుకొన్నవారికి సైతము తెలిసినది స్వల్పము. మాంసము కోయువారు దానిని 'చేదుకట్టు' అందురు. అది పగిలినచో మాంసమంతయు చేదగునని ఎంతో నేర్పుతో తీసి పారవేయుదురు. మేక చేదుకట్టు విషయమున మనము చూపు జాగ్రత్తలో పదియవ వంతైనను మన దేహములోని చేదుకట్టు విషయమున చూపుట లేదు.

తెలుగు పాఠములు చెప్పుకొను మేము వైద్యవిషయమున కలుగజేసుకొనుట సాహసమని కొందరనుకొనవచ్చును. మందును నిర్ణయించుట వైద్యుని పని. అందు మాకు అధికారము లేదు. కాని ఆ మందు ఇంటిలోనికి ఏ దారిన వచ్చుచున్నది, ఎవరు తెచ్చుచున్నారు, ఏ మాట చెప్పి తెచ్చుచున్నారు అనునవి వైద్యశాలకు వెలుపలి విషయములు. అవి సంఘమునకు, భాషకు, విద్యకు సంబంధించినవి. వానిని గూర్చి మాట్లాడుట మాకు హక్కు మాత్రమే గాక బాధ్యత కూడ. పిత్తాశయమునకు సోకు సూక్ష్మజీవులు నేడు మందులకు లొంగకపోవుటకు గల కారణములలో ఒకటి మన ఇండ్లలోను, మన వీధి మందుల దుకాణము ముందును పుట్టుచున్నది. దానిని అక్కడనే ఆపగలవారు ఈ సంచికను చదువుచున్న విద్యార్థినీ విద్యార్థులని మా విశ్వాసము. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతే.

ముందుగా విషయమును తెలిసికొందము. పిత్తాశయము కాలేయమునకు అడుగున, కుడి ప్రక్కటెముకల మాటున నుండును. అది 30 నుండి 50 మిల్లీలీటర్ల రసము పట్టు చిన్న తిత్తి. కాలేయము దినమునకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు పైత్యరసమును తయారు చేయుచుండగా, ఈ తిత్తి అందులో కొంత గ్రహించి, నీటిని పీల్చివేసి, చిక్కని ద్రవముగ దాచియుంచును. మనము నూనెయో నేయియో గల ఆహారమును తినినపుడు ముడుచుకొని, సన్నని నాళము గుండ ఆ రసమును చిన్న ప్రేవులోనికి విడుచును. క్రొవ్వు జీర్ణమగుటకు అది తోడ్పడును. ఈ రసములో కరగియుండవలసిన కొలెస్టరాల్ గాని, బిలిరుబిన్ అను రంగు పదార్థము గాని తన పాలు మించినపుడు గడ్డకట్టి రాయి యగును. పురుషులకన్న స్త్రీలలోను, గర్భవతులలోను, స్థూలకాయులలోను, తొందరపడి బరువు తగ్గించుకొనినవారిలోను, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు కలవారిలోను ఇవి ఎక్కువగ ఏర్పడును.

రాళ్ళున్నవారిలో అధికసంఖ్యాకులకు ఏ బాధయు కలుగదు. మరియొక కారణమున స్కానింగు చేయించుకొనగా బయటపడు అట్టి రాళ్ళకు యాంటీబయాటిక్ అవసరము లేదు. రాయి నాళమునకు అడ్డుపడి, కొన్ని గంటలలో తొలగిపోగా, జ్వరము లేక తగ్గిపోవు నొప్పికి వైద్యుని సలహా అవసరమే గాని, యాంటీబయాటిక్ పని లేదు. ఎందుకనగా అక్కడ చంపదగిన సూక్ష్మజీవి లేదు. ఈ ఒక్క మాటను మన గృహములు గ్రహించినచో సగము కీడు తొలగునని మా అభిప్రాయము.

ఆరోగ్యవంతుని పైత్యరసములో సాధారణముగ సూక్ష్మజీవులుండవు. రసము నిరంతరము ప్రవహించుచు నాళములను కడుగుచుండును. నాళము చివర నున్న కండరము తలుపువలె మూసికొని ప్రేవులోని క్రిములను పైకి రానీయదు. రాయి అడ్డుపడి ప్రవాహము నిలిచిపోయినపుడే కథ మారును. నిలువ నీటిలో నాచు పట్టినట్లు నిలువ పైత్యములో క్రిములు పెరుగును. మొదట తిత్తి గోడ వాచును. ఆ వాపు ఆదియందు క్రిముల వలన గాక ఒత్తిడి వలనను, రసపు ఘాటు వలనను కలుగును. ఆ పిమ్మట ప్రేవులలో నివసించు ఇ. కోలై, క్లెబ్సియెల్లా, ఎంటెరోకాకస్ మున్నగు సూక్ష్మజీవులు అచట చేరును. గోడ కుళ్ళి చిల్లు పడవచ్చును. రాయి జారి పెద్ద పిత్తనాళములో చిక్కుకొనినచో ప్రమాదము ఇంకను పెద్దది. చలితో కూడిన జ్వరము, కుడి ప్రక్క పై భాగమున నొప్పి, కామెర్లు – ఈ మూడును కలిసి వచ్చినచో పిత్తనాళములు చీము పట్టినవని శంకింపవలెనని ఫ్రెంచి వైద్యుడు షార్కో 1877లోనే తెలిపెను. రక్తపు పోటు పడిపోవుట, స్పృహ తప్పుట అను మరి రెండు లక్షణములను 1959లో రేనాల్డ్స్ చేర్చెను. ఆ స్థితిలో క్రిములు నెత్తురులో కలియుచుండును. అప్పుడు లెక్క దినములలో గాదు, గంటలలో.

ఆ గంటలలో రోగిని కాపాడునవి రెండు: అడ్డును తొలగించి చెడిన రసమును బయటికి తీయుట; సరియైన యాంటీబయాటిక్‌ను వెంటనే నరములోనికెక్కించుట. ఏ క్రిమి సోకినదో పరీక్షలో తేలుటకు రెండు మూడు దినములు పట్టును గనుక, వైద్యుడు మొదటి మందును ఊహించి ఈయవలసియుండును. ఆ ఊహ ఫలించుట ఆ ఊరి క్రిములు ఏ మందుకు లొంగుచున్నవో, ఏ మందును ఇదివరకే జయించినవో అనుదానిపై ఆధారపడును. అనగా నిన్న మొన్న మనమందరము అక్కరలేక మ్రింగిన మాత్రల ఫలితము, నేడు ఒక తల్లి పడక వద్ద తేలును.

క్రిములు మందును జయించు విధము విచిత్రమైనది. ఇ. కోలై వంటి క్రిమి అనుకూల స్థితిలో ఇరువది నిమిషములకొకమారు రెండుగ చీలును. కోట్ల కొలది పిల్లలలో ఏ ఒక్కదానికో మందును తట్టుకొను గుణము తటస్థించును. మందు తక్కినవానిని చంపగా, ఆ ఒక్కటి ఖాళీ యైన పొలములో కలుపు వలె విస్తరించును. కొన్ని క్రిములు మందును విరిచివేయు ఎంజైములను తయారు చేయును. కొన్ని లోనికి వచ్చిన మందును తోడి బయట పోయును. ప్రేవులలో బ్రతుకు ఇ. కోలై, సాల్మొనెల్లా వంటి క్రిములకు పైత్యలవణముల ఘాటునుండి కాపాడుకొనుటకు ఒక తోడుయంత్రము ప్రకృతియే ప్రసాదించినది. అదే యంత్రము పెక్కు యాంటీబయాటిక్‌లను కూడ తోడివేయును. పైత్యములో బ్రతుకనేర్చిన క్రిమి మందును ఎదుర్కొను విద్యలో సగము ముందే నేర్చినదన్నమాట. అంతకన్న భయంకరమైనది మరియొకటి కలదు. ఈ విద్యను ఒక క్రిమి తన సంతతికే గాక ప్రక్కనున్న వేరు జాతి క్రిమికి సైతము అందింపగలదు. ప్లాస్మిడ్ అను చిన్న జన్యువలయము చేతులు మారును. మన విద్యార్థులు పరీక్షలలో ఉత్తరములు అందించుకొనుట నేరము. క్రిములలో అది నిత్యకృత్యము.

రాయికిని క్రిమికిని గల స్నేహమును కూడ చెప్పవలెను. నాళములలో ఏర్పడు గోధుమరంగు రాళ్ళకు క్రిములే మూలము. వాని ఎంజైము పైత్యపు రంగును విడగొట్టగా, అది సున్నముతో కలిసి రాయి యగును. అట్లేర్పడిన రాయి తిరిగి క్రిములకు ఇల్లగును. అవి రాతిపై జిగురు పొరను అల్లుకొని, ఆ పొర చాటున మందునుండి తలదాచుకొనును. కావున రాయి ఉన్నంత కాలము ఒట్టి మందు పైపై పూతయే.

ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము టైఫాయిడ్. ఆ వ్యాధి తగ్గిన తరువాత నూటికి ఒకరి నుండి ఐదుగురి వరకు తమలో క్రిమిని ఏండ్ల తరబడి మోయుదురు. అది దాగు చోటు ముఖ్యముగ పిత్తాశయమే. ఐర్లండు దేశమున 1869లో పుట్టి న్యూయార్కులో వంటమనిషిగా బ్రతికిన మేరీ మాలన్ తాను రోగి కాకయే పెక్కు కుటుంబములకు టైఫాయిడ్ అంటించినదని 1907లో జార్జి సోపర్ అను పరిశోధకుడు కనిపెట్టెను. పిత్తాశయమును తీసివేయుటకు ఆమె ఒప్పుకొనలేదు. నాటికి యాంటీబయాటిక్ లేదు. 1907 నుండి 1910 వరకును, తిరిగి 1915 నుండి 1938లో మరణించువరకును ఆమె ఒక దీవిలో ఏకాకిగ నిర్బంధమున గడపెను. మందు లేని కాలము ఎట్టిదో తెలియగోరువారు ఆ వంటమనిషి బ్రతుకును తలచుకొనిన చాలును.

1948లో క్లోరాంఫెనికాల్ వచ్చి టైఫాయిడ్ భయమును పోగొట్టినది. ఆ నిశ్చింత పాతికేండ్లు కూడ నిలువలేదు. 1972లో మెక్సికోలోను, మన దేశమున కేరళలోని కోళికోడులోను ఆ మందుకు లొంగని టైఫాయిడ్ తలయెత్తెను. ఆ తరువాత ఒక్కొక్క మందును ఆ క్రిమి జయించుచు వచ్చినది. 2016లో పాకిస్తానములోని సింధు రాష్ట్రమున, మన నగరపు పేరే గల హైదరాబాదులో, క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్ససిన్, సెఫ్ట్రియాక్సోన్ అను ఐదింటికిని లొంగని టైఫాయిడ్ బయలుదేరెను. నోటితో మ్రింగు మందులలో ఇంచుమించు అజిత్రోమైసిన్ ఒక్కటే దిక్కయినది. ఆ హైదరాబాదు పిల్లలను కాపాడుటకు 2018లో వేసిన టీకా మన హైదరాబాదులో తయారైనదే. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని అర్హమైనదిగ గుర్తించియుండెను. క్రిమికి సరిహద్దు లేదు; విజ్ఞానమునకును ఉండనక్కరలేదు. ఈ ఒక్క వృత్తాంతము మా హృదయమునకు కొంత ఊరట కలిగించుచున్నది.

ఇక మన వీధిలోనికి వత్తము. మేమెరిగిన ఒక కుటుంబమున తల్లికి భోజనానంతరము కుడి డొక్కలో నొప్పి వచ్చుచుండెను. రెండేండ్లు దానిని 'గ్యాస్' అనిరి. నొప్పి హెచ్చినపుడెల్ల కుమార్తె, మా కళాశాల విద్యార్థిని, ఖాళీ అయిన మాత్రల అట్టను తీసికొని దుకాణమునకు పోయెడిది. "ఇదే మాత్ర ఐదు ఇస్తున్నానమ్మా, పొద్దునొకటి, రాత్రి ఒకటి" అని దుకాణదారు ఇచ్చెడివాడు. అది యాంటీబయాటిక్ అని ఇచ్చినవాడెరుగును. తెచ్చిన బాలిక ఎరుగదు. మ్రింగిన తల్లి అసలే ఎరుగదు. రెండు మాత్రలతో నొప్పి తగ్గగానే తక్కిన మూడును బీరువాలోనికి పోయెడివి. మరియొకనాడు తమ్ముని దగ్గునకు అవియే మందు. ఒక రాత్రి చలిజ్వరము, కామెర్లు వచ్చినవి. ఆసుపత్రిలో మొదటి మందు పని చేయలేదు. మూడవనాడు పరీక్షా ఫలితము రాగా క్రిమి ఆరు మందులకు లొంగనిదని తేలినది. ఖరీదైన ఇంజెక్షన్లతోను, నాళములోని రాయిని తీసివేయుటతోను ఆ తల్లి ఇరువది దినములకు బ్రతికి బయటపడెను. ఇంటిలోని బంగారము అమ్ముడుపోయెను. వార్షిక పరీక్షల దినములలో ఆ బాలిక ఆసుపత్రి వరండాలో నుండెను. ఆ యేడు చదువు పోయినది. ఇందులో దుర్మార్గుడెవడును లేడు, తెలియనితనమున్నది. అందుచేతనే దీనిని చెప్పుచున్నాము.

ఆ ఇంటిలో పని చేసినవి మాత్రల కన్న ముందు మాటలు. డొక్కలో నొప్పి యన్నచో 'గ్యాస్'. కండ్లు పచ్చబడినచో 'వేడి చేసినది'. మందు పనిచేయకున్నచో 'పవరు చాలలేదు, పెద్ద పవరుది ఇమ్ము.' ఈ మూడు మాటలును మూడు ద్వారములు మూసివేయుచున్నవి. మొదటి మాట పరీక్ష చేయించుకొనుటను ఆపును. రెండవ మాట ప్రమాదమును పథ్యముగ మార్చును. మూడవ మాట మందును ఆయుధము వలె గాక మద్యము వలె చూచును. యాంటీబయాటిక్‌లో పెద్ద పవరు, చిన్న పవరు అనునవి లేవు; తాళమునకు తగిన చెవి, తగని చెవి యున్నవి. భాషను బోధించువారమగుట చేత మాకిది తెలియును: తప్పు పేరు పెట్టినచో తప్పు పని జరుగును.

పెనిసిలిన్‌ను 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ బహుమాన సందర్భమున చేసిన ప్రసంగములో ఒక కల్పిత గృహస్థుని కథ చెప్పెను. ఆ గృహస్థునికి గొంతు నొప్పి వచ్చును. తానే పెనిసిలిన్ కొని, క్రిములు చచ్చునంత గాక, మందును తట్టుకొన నేర్చునంత మాత్రమే వాడును. ఆ క్రిములు భార్యకు సోకి ఊపిరితిత్తుల వ్యాధి యగును, అదే మందు ఆమెకు పని చేయదు, ఆమె మరణించును. ఆమె మరణమునకు బాధ్యుడెవడని ఆయన శ్రోతల నడిగెను. కనుగొన్నవాడే హెచ్చరించిన తరువాత కూడ ప్రపంచము వినలేదు. 2019 ఒక్క సంవత్సరములో మందులకు లొంగని క్రిముల వలన నేరుగ మరణించినవారు ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది అని పండితులు లెక్కగట్టిరి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును, అది న్యాయమైనది. పేదవానికి దుకాణదారుడే వైద్యుడు. ఆసుపత్రికి పోయినచో ఒక దినపు కూలి పోవును. ప్రైవేటు వైద్యునికి ఫీజు, స్కానింగునకు మరికొంత. ఐదు మాత్రలతో పోవుదానికి ఇంత యెందుకని అతడనుకొనుట సహజము. అతనిని నిందించుటకు మాకు నోరు రాదు. మందు దొరకక చచ్చువారు కూడ మన దేశమున ఉన్నారు. కాని లెక్క వేసి చూడుడు. ఐదు మాత్రల ఖర్చు చిన్నది. అది పదిమార్లు జరిగిన తరువాత వచ్చు ఖర్చు ఇల్లు గుల్ల చేయును. క్రిమి మందుకు లొంగనపుడు ధనవంతునికి మరియొక ఖరీదైన మందు మిగులును. పేదవానికి ఏమియు మిగలదు. కావున మందును మొద్దువారనీయక కాపాడుకొనవలసిన అవసరము అందరికన్న పేదవానికే ఎక్కువ. ప్రభుత్వము తన ఆసుపత్రులలో పరీక్షలను, మందులను, శస్త్రచికిత్సను చేరువ చేయవలెను. అది చేయక ప్రజలను మాత్రము నిందించుట ధర్మము కాదు.

దోషము ఇండ్లది మాత్రమే కాదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరులో మందుల కర్మాగారముల మురికినీటిని శుద్ధి చేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నదని స్వీడను దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిరి. మందు మ్రింగిన రోగి నెత్తురులో నుండుదానికన్న అది ఎంతో ఎక్కువ. పిత్తవ్యాధులలో ఎంతో కాలముగ వాడుచు వచ్చిన మందులలో అది ఒకటి. కోళ్ళ దాణాలో కలుపుచుండిన కొలిస్టిన్‌ను 2019లో కేంద్ర ప్రభుత్వము నిషేధించెను. మనుష్యులకది అన్ని మందులు ఓడిన పిమ్మట మిగులు కడపటి మందులలో నొకటి. అవసరము లేకయే, రోగి తృప్తి కొరకు వ్రాసియిచ్చు వైద్యులును కలరు. వీరందరు తమ తమ పాలు దిద్దుకొనవలెను. అయినను ఇతరుల పాలు తేలువరకు మన పాలు వాయిదా వేయుట వివేకము కాదు.

మందు వాడుట ఎంత ముఖ్యమో, మానుట యెప్పుడో తెలియుటయు అంతే ముఖ్యము. పిత్తాశయమును శస్త్రచికిత్సతో మొదటిసారి తీసివేసినవాడు 1882లో బెర్లిను నగరమున కార్ల్ లాంగెన్‌బుక్. రాళ్ళను ఏరివేయుట చాలదు, రాళ్ళు పుట్టు తిత్తినే తొలగింపవలెనని ఆయన వాదము. నేడు చిన్న రంధ్రముల గుండ ఆ పని జరుగుచున్నది. తీవ్రత తక్కువగను, మధ్యస్థముగను ఉన్న పిత్తాశయ శోథలో తిత్తిని తీసివేసిన తరువాత ఐదు దినములు యాంటీబయాటిక్ ఇచ్చినవారికిని, ఈయనివారికిని భేదము కలదేమో యని ఫ్రాన్సులో 414 మంది రోగులను పరిశీలించి 2014లో ఫలితము ప్రకటించిరి. చెప్పుకొనదగిన లాభమేమియు కనబడలేదు. మూలము తొలగిన పిదప మందును పొడిగించుట క్రిములకు శిక్షణ నిచ్చుటయే. మూలము తొలగకున్నచో ఎంత మందైనను చాలదు. అడ్డుపడిన నాళములోని రసమునకు మందు సరిగా చేరనే చేరదు. అందుచేత 'కోర్సు పూర్తి చేయుము' అను పాత మాటను ఇట్లు సవరించుకొందము: వైద్యుడు చెప్పినన్ని దినములు, ఒకటి తక్కువ కాదు, ఒకటి ఎక్కువ కాదు. ఆపరేషన్ అవసరమని వైద్యులు చెప్పిన పిమ్మట భయముతో ఏండ్లు జరుపుచు, మధ్య మధ్య మాత్రలతో సరిపెట్టుకొనుట అన్నిటికన్న చెడ్డ మార్గము.

చట్టము లేకపోలేదు. వైద్యుని చీటి లేక ఏ యాంటీబయాటిక్‌ను అమ్మరాదు. మూడవ తరము సెఫలోస్పోరిన్లు, కార్బపెనెములు మొదలగువానిని 2014 మార్చి నుండి హెచ్-1 అను ప్రత్యేక పట్టికలో చేర్చిరి. వానిని అమ్మినపుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. 2016లో కేంద్ర ప్రభుత్వము ఎర్రగీత ప్రచారమును ఆరంభించెను. మాత్రల అట్టపై నిలువునా ఎర్రని గీత యున్నచో అది వైద్యుని చీటి లేక కొనరాని మందు. అక్షరము రానివారికి కూడ కనబడవలెనని గీత గీసిరి. ఐనను అక్షరము వచ్చిన మనమే దానిని చూచుట లేదు.

మన కళాశాలకు వచ్చువారిలో పెక్కుమంది తమ ఇంటిలో మొదటిసారిగ కళాశాల గడప త్రొక్కినవారు. ఇంటిలో ఆంగ్లాక్షరములు చదువగలవారు వారే. మందుల అట్టను, ఆసుపత్రి కాగితమును, పరీక్షా ఫలితమును చదువవలసినది వారే. అమ్మీ అబ్బాలకును, అమ్మా నాన్నలకును, వైద్యునికిని నడుమ దుబాసీలు వారే. ఖాళీ అట్ట పట్టుకొని దుకాణమునకు పోవు చేయియు వారిదే. ఈ స్థానము చిన్నది కాదు. కావున వారిని మేము కోరునది నాలుగు మాటలు.

మొదటిది: ఖాళీ అట్టను చూపి మందు తేవలదు. అట్టపై ఎర్రగీత యున్నదేమో చూడుడు. ఉన్నచో చీటి లేక కొనకుడు, మిగిలిన మాత్రలను మరియొకరికి పెట్టకుడు. రెండవది: భోజనము తరువాత కుడి డొక్కలో మరల మరల వచ్చు నొప్పిని 'గ్యాస్' అని తీర్పు చెప్పకుడు, పెద్దలను వైద్యుని వద్దకు తీసికొనిపోయి స్కానింగు చేయింపుడు. మూడవది: చలిజ్వరము, నొప్పి, కామెర్లు – ఈ మూడింటిని కంఠస్థము చేయుడు. వీనిలో రెండు కలిసినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. మధుమేహము కలవారిలోను వృద్ధులలోను నొప్పి కొంచెముగానే యుండి లోపల కీడు పెద్దదిగ నుండవచ్చునని మరువకుడు. నాలుగవది: వైద్యుని అడుగుటకు సిగ్గుపడకుడు. "ఈ మందు యాంటీబయాటిక్‌యేనా? ఎన్ని దినములు? రాయి మాటేమి?" – ఈ మూడు ప్రశ్నలను మర్యాదగ అడుగువానిని మంచి వైద్యుడు గౌరవించును.

ఊరి బావి ఎవ్వరి సొత్తును కాదు. అందుచేతనే దానిని అందరును కాపాడుకొనవలెను. ఒకడు మురికి కాళ్ళతో దిగినను ఊరంతయు మురికినీరు త్రాగును. యాంటీబయాటిక్ కూడ అట్టి ఉమ్మడి బావియే. తక్కిన మందులు మ్రింగినవానికే మేలో కీడో చేయును. ఇది మాత్రము ప్రక్కయింటివాని రేపటి మందును కూడ పాడు చేయగలదు. క్రొత్త బావులు త్రవ్వుట కష్టమై, త్రవ్వువారు తగ్గిన కాలమిది. ఉన్న బావిని కాపాడుకొనుటకు పెద్ద విద్య అక్కరలేదు. అట్టను త్రిప్పి ఎర్రగీతను చూచుటకు ఒక్క క్షణము చాలును. మన విద్యార్థులు ఆ క్షణమును తమ ఇంటికి, తమ వీధికి దానము చేయుదురని ఆశించుచున్నాము.